ఇండోర్ పూల్‌కి ఎంత వేడి కావాలి? లెక్క లీటర్లతో మొదలవదు

ఇండోర్ స్విమ్మింగ్ పూల్‌కి ఎంత హీటర్ పెట్టాలని అడిగితే, ఎదుటివాళ్లు ముందు అడిగేది "ఎన్ని లీటర్ల నీళ్లు?" అని. ఆ అంకె కావాల్సిందే. కానీ అది చెప్పే సంగతి ఒక్కటే: పూల్ కొత్తగా నింపినప్పుడు నీళ్లు వేడెక్కడానికి ఎన్ని రోజులు ఆగాలో. ఆ తర్వాత రోజూ పోయే వేడికి లోతుతో పెద్దగా సంబంధం లేదు. అది నీటి పైభాగం వైశాల్యం మీద, ఆ నీటిపై ఉన్న గాలి మీద ఆధారపడుతుంది. నీళ్ల హీటర్ ఒకరు, హాలు గాలి ఇంకొకరు విడివిడిగా లెక్కేసుకున్న చోట రెండు లెక్కలూ తప్పుతాయి. అందుకే రెండూ కలిపి ఒకే ఉదాహరణతో చేద్దాం.

పూల్ 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.4 మీటర్లు అనుకుందాం. ఉపరితలం 50 చదరపు మీటర్లు, నీరు 70 ఘనపు మీటర్లు. హాలు 14 మీటర్లు × 9 మీటర్లు, ఎత్తు 3.5 మీటర్లు. కుళాయి నీరు 15 డిగ్రీలు, చలికాలంలో బయటి గాలి 5 డిగ్రీలు (డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). మీ దగ్గర ఈ చివరి రెండు అంకెలు వేరుగా ఉంటే వాటిని మార్చుకుని ఇదే వరసలో వెళ్లండి.

ముందు ఉష్ణోగ్రతలు తేలాలి

ఈత పోటీలకు నీరు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. సరదాగా ఈదేవాళ్లకు 28 నుంచి 30, చిన్నపిల్లలకు 30 నుంచి 32, ఫిజియోథెరపీ పూల్‌కి 33 నుంచి 35 దాకా వెళ్తుంది. హాట్ టబ్ 40 దాటకూడదు. గాలి మాత్రం నీటికన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉండాలి. నీరు మరీ వేడిగా ఉండే పూళ్లలో గాలిని 30, 31 దగ్గర ఆపేస్తారు, లేకపోతే గట్టు మీద ఉన్నవాళ్లకు ఊపిరాడదు. తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. మన ఉదాహరణకు నీరు 28, గాలి 30, తేమ 60 శాతం తీసుకుందాం.

ఈ మూడు అంకెలు కాగితం మీద పెట్టకుండా హీటర్ కొటేషన్ అడగడం దండగ. ఎందుకో తర్వాతి లెక్కలోనే తెలుస్తుంది.

అసలు వేడి పోయేది ఆవిరిలో

ఇండోర్ పూల్ నీరు కోల్పోయే వేడిలో సింహభాగం ఆవిరిదే. నీటి ఉపరితలం దగ్గర ఉండే సంతృప్త ఆవిరి పీడనానికీ (ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగలిగినంత ఆవిరి నిండినప్పటి పీడనం), హాలు గాలిలో ఉన్న ఆవిరి పీడనానికీ తేడా ఎంత ఉంటే నీరు అంత వేగంగా ఆవిరవుతుంది. ఆష్రే (ASHRAE, హీటింగ్, ఏసీ ఇంజినీర్ల అమెరికన్ సంఘం) హ్యాండ్‌బుక్ సూత్రాన్ని గంటల లెక్కలోకి మారిస్తే ఇలా వస్తుంది:

గంటకు ఆవిరయ్యే కిలోలు = 0.144 × వైశాల్యం (చ.మీ.) × పీడనాల తేడా (కిలోపాస్కల్) × యాక్టివిటీ ఫ్యాక్టర్

యాక్టివిటీ ఫ్యాక్టర్ అంటే నీళ్లు ఎంత కదులుతున్నాయన్న దానికి ఒక గుణకం. ఇంటి పూల్‌కి, లేదా ఎవరూ దిగకుండా ఖాళీగా ఉన్న పూల్‌కి 0.5. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి పూల్‌కి 0.65, హోటల్‌కి 0.8, స్కూలు లేదా పబ్లిక్ పూల్‌కి 1. అలల పూల్, వాటర్ స్లైడ్ ఉంటే 1.5 నుంచి మొదలు.

28 డిగ్రీల నీటి దగ్గర సంతృప్త పీడనం 3.78 కిలోపాస్కల్. 30 డిగ్రీల గాలికి అది 4.25, అందులో 60 శాతం అంటే 2.55. తేడా 1.23. పూల్ నిండా జనం ఉన్నప్పుడు 0.144 × 50 × 1.23 × 1 = గంటకు 8.86 కిలోలు. ఒక కిలో నీరు ఆవిరవడానికి 0.676 కిలోవాట్ అవర్లు పడుతుంది కాబట్టి నీటినుంచి పోయే వేడి 6 కిలోవాట్లు. ఎవరూ లేనప్పుడు అందులో సగం: 4.43 కిలోలు, 3 కిలోవాట్లు.

ఇప్పుడు ఇదే సూత్రంలో ఒక్కో అంకె మార్చి చూడండి. కరెంటు మిగులుతుందని గాలిని 30 నుంచి 24 డిగ్రీలకు దించి, తేమ 60 శాతంలోనే ఉంచారనుకోండి. పీడనాల తేడా 1.99కి ఎక్కుతుంది, ఆవిరి 62 శాతం పెరుగుతుంది. గాలి దగ్గర మిగిలిందనుకున్నది నీళ్ల దగ్గర పోతుంది. పైగా ఆ అదనపు తేమ అంతా గోడలకూ కిటికీలకూ పడుతుంది. గాలిని కదపకుండా నీటిని 28 నుంచి 30కి పెంచితే ఆవిరి 38 శాతం పెరుగుతుంది. "రెండు డిగ్రీలేగా" అనే మాట వచ్చేది ఇక్కడే. తేమను 60 నుంచి 50 శాతానికి దించినా ఆవిరి 35 శాతం పెరుగుతుంది, డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) తన పని తానే పెంచుకున్నట్టు. కిటికీలు మంచివైతే 60 దగ్గర ఆపడమే మేలు.

అవుట్‌డోర్ పూల్ హీటర్ల పట్టికలు ఇక్కడ పనికిరావు. వాటిలో గాలి వేగం, రాత్రి ఆకాశంలోకి పోయే వేడి కలిసి ఉంటాయి. లోపల ఆ రెండూ దాదాపు ఉండవు. అయితే ఏసీ డక్ట్ గాలి నేరుగా నీటిమీదకి కొడుతుంటే మాత్రం హాలులోకి మళ్లీ "గాలి వేగం" తెచ్చిపెట్టినట్టే. సరఫరా గాలిని కిటికీల మీదకి వదలాలి, నీటిమీదకి కాదు.

మిగతా నష్టాలు

గోడలు, అడుగు కలిపి పూల్ తొట్టి వైశాల్యం 92 చదరపు మీటర్లు. ఇన్సులేషన్ ఉండి యూ విలువ (ఒక చదరపు మీటరు నుంచి, ఒక డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు పోతాయో చెప్పే అంకె) 0.4 అయితే, 15 డిగ్రీల నేలలోకి పోయేది 92 × 0.4 × 13 = సుమారు 480 వాట్లు. పట్టించుకోనక్కర్లేదు. కానీ తొట్టి చుట్టూ పైపుల కోసం నడవ వదిలి, 20 సెంటీమీటర్ల కాంక్రీట్‌ని ఉత్తగా గాలికి వదిలేస్తే యూ విలువ 4 దగ్గరికి వస్తుంది. ఆ నడవ కూడా 15 డిగ్రీల్లో ఉంటే నష్టం 4.8 కిలోవాట్లు, రోజంతా, సంవత్సరమంతా. టైల్స్ వేశాక దీన్ని సరిచేయడం చాలా కష్టం. భూగర్భ జలం తొట్టిని తాకుతూ ప్రవహించే చోట కూడా ఇన్సులేషన్ విషయంలో రాజీ పడకూడదు.

కొత్త నీరు: పూల్‌లో దిగే ఒక్కొక్కరికి 30 లీటర్ల చొప్పున పాత నీరు తీసేసి కొత్తది కలపాలన్నది పబ్లిక్ పూళ్లలో వాడుకలో ఉన్న కొలత. రోజుకు 20 మందైతే 600 లీటర్లు. వాటిని 15 నుంచి 28కి తేవడానికి 0.6 × 1.163 × 13 = 9 కిలోవాట్ అవర్లు. శాండ్ ఫిల్టర్ బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి తోసి ఫిల్టర్ కడగడం) కూడా ఇందులోకే వస్తుంది. 0.7 చదరపు మీటర్ల ఫిల్టర్‌ని గంటకు 28 ఘనపు మీటర్ల చొప్పున 5 నిమిషాలు బ్యాక్‌వాష్ చేస్తే 2.3 ఘనపు మీటర్ల వేడి నీరు కాలవలోకి పోతుంది, అంటే 35 కిలోవాట్ అవర్లు. వారానికొకసారి సరిపోయే దాన్ని అలవాటుగా రోజూ చేసే పూళ్లున్నాయి. వాటి బిల్లు ఎందుకు పెరుగుతోందో హీటర్ దగ్గర వెతికితే దొరకదు. ప్రెషర్ గేజ్ చూసి, ఫిల్టర్ తయారీదారు చెప్పిన తేడా వచ్చినప్పుడే చేయాలి.

పంపు మోటారు వేడి, ఈదేవాళ్ల ఒంటి వేడి కొంత తిరిగి నీటికి చేరతాయి. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు, అదే మీ మార్జిన్ అనుకోండి.

రోజు మొత్తానికి కూడితే, 10 గంటలు తెరిచి ఉంచి, మిగతా 14 గంటలు కవర్ వేసిన పూల్‌కి: ఆవిరి 60, కవర్ కింద ఆవిరి 4, తొట్టి నష్టం 11.5, కొత్త నీరు 9, ఆవిరైన నీటి బదులు పోసేది సుమారు 1.5. మొత్తం 86 కిలోవాట్ అవర్లు. కవర్ లేకపోతే ఆ 14 గంటల ఆవిరి ఒక్కటే 42, మొత్తం 125 దాకా వెళ్తుంది. కవర్ నీటిని అంటుకుని, అంచులదాకా పరుచుకుంటేనే ఈ లెక్క. మధ్యలో గాలి బుడగలా లేచి, పక్కల ఖాళీ వదిలే కవర్ ఇంత మిగల్చదు.

మొదటిసారి వేడెక్కించడం

ఇక్కడికి వచ్చాకే లీటర్ల పని. ఒక ఘనపు మీటర్ నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.163 కిలోవాట్ అవర్లు. 70 ఘనపు మీటర్లకు డిగ్రీకి 81.4, 13 డిగ్రీలకు 1,058.

కొత్త కాంక్రీట్, కొత్త టైల్స్ ఉన్న తొట్టిని గంటకు 0.25 డిగ్రీలకన్నా వేగంగా వేడెక్కించకూడదు. తొందరపడితే టైల్స్ లేస్తాయి, గ్రౌట్‌లో సన్నని పగుళ్లు వస్తాయి. ఆ వేగంతో 13 డిగ్రీలకు 52 గంటలు, కావలసింది 20.4 కిలోవాట్లు. కవర్ వేసి ఉంచినా ఈలోగా పోయే వేడికి ఇంకో రెండు కిలోవాట్లు వేసుకుంటే 22 నుంచి 23. మార్కెట్లో దొరికే 24 కిలోవాట్ల హీటర్ సరిపోతుంది. అంతకన్నా పెద్దది పెట్టినా ఆ శక్తిని మొదటిసారి వాడుకోలేరు.

మరి చిన్నది పెట్టొచ్చా? ఇంటి పూల్‌కైతే నిక్షేపంగా పెట్టొచ్చు. 12 కిలోవాట్ల హీటర్‌తో నష్టాలు పోగా 10 మిగిలితే 106 గంటల్లో, అంటే నాలుగున్నర రోజుల్లో నీరు 28కి చేరుతుంది. పూల్ పూర్తిగా ఖాళీ చేసేది ఎప్పుడో ఒకసారి. ఆ ఒక్కసారి కోసం రెట్టింపు హీటర్, రెట్టింపు కరెంటు లోడ్ ఎందుకు? 24 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్ 400 వోల్టుల త్రీ ఫేజ్ మీద ఒక్కో ఫేజ్‌కి దాదాపు 35 ఆంపియర్లు లాగుతుంది. అయితే హోటల్, పబ్లిక్ పూళ్లలో మధ్యలో ఏదైనా రిపేరుకి ఒక రోజు ఆగితే మర్నాటికల్లా మళ్లీ తెరవాలి. అక్కడ 24 పెట్టడంలో అర్థం ఉంది: ఒక డిగ్రీ పడిపోతే పూల్ నడుస్తుండగానే సుమారు అయిదు గంటల్లో తిరిగి వస్తుంది.

వేడెక్కించేటప్పుడు వరస ముఖ్యం. ముందు హాలు గాలి, వెంటిలేషన్ నడపాలి, తర్వాతే నీరు. గాలి చల్లగా ఉండి నీరు వేడెక్కుతూ పోతే మొదటి రెండు రోజుల్లోనే పైకప్పు నుంచి చుక్కలు కారతాయి.

గాలి వైపు లెక్క

హాలు గోడలు 131 చదరపు మీటర్లు (యూ 0.3), కిటికీలు 30 (యూ 1.4), పైకప్పు 126 (యూ 0.2). అంతా కలిపి డిగ్రీకి 106 వాట్లు. లోపలికీ బయటికీ తేడా 25 డిగ్రీలు కాబట్టి 2.65 కిలోవాట్లు. గట్టు కింది నేలకు ఇంకో 0.3 కలిపితే 2.9 నుంచి 3 కిలోవాట్లు.

ఇప్పుడు బయటి గాలి. ఆష్రే వెంటిలేషన్ ప్రమాణం 62.1 ప్రకారం పూల్, గట్టు వైశాల్యానికి చదరపు మీటరుకు సెకనుకు 2.4 లీటర్లు. 126 చదరపు మీటర్లకు సెకనుకు 302 లీటర్లు, గంటకు 1,090 ఘనపు మీటర్లు. దీన్ని 5 నుంచి 30 డిగ్రీలకు తేవడానికి 9.1 కిలోవాట్లు. గోడలూ కిటికీలూ అన్నీ కలిపినదానికి మూడు రెట్లు! బయటికి పోయే గాలి వేడిలో 70 శాతాన్ని లోపలికి వచ్చే గాలికి అందించే హీట్ రికవరీ యూనిట్ పెడితే ఇది 2.7కి దిగుతుంది. ఇండోర్ పూల్‌లో ఇంతకన్నా త్వరగా ఖర్చు రాబట్టే వస్తువు కవర్ ఒక్కటే.

ఆ గాలి తేమను మోసుకుపోగలదా అన్నది వేరే చూడాలి. 30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిలో కిలోకి 16 గ్రాముల నీరు ఉంటుంది. 5 డిగ్రీలు, 80 శాతం ఉన్న బయటి గాలిలో 4.3 గ్రాములే. కిలోకి 11.7 గ్రాములు మోసుకుపోతుంది కాబట్టి గంటకు 8.86 కిలోల ఆవిరికి 650 ఘనపు మీటర్లు చాలు. బయట కిలోకి 9 గ్రాములు ఉన్నప్పుడు 1,085 కావాలి. సరిగ్గా మనం పెట్టుకున్నంత. బయట 15 గ్రాములు ఉండే ఉక్క రోజుల్లో మాత్రం ఎంత గాలి తోలినా తేమ దిగదు. అలాంటి వాతావరణం ఉన్నచోట కంప్రెసర్ ఉన్న డీహ్యూమిడిఫయర్ తప్పనిసరి. అది కొనేటప్పుడు ఒక మెలిక: కేటలాగ్‌లో లీటర్లు చాలాసార్లు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గరివి. 60 శాతం దగ్గర అదే యంత్రం బాగా తక్కువ తీస్తుంది. 30/60 దగ్గరి అంకె అడిగి రాయించుకోండి. దాని కండెన్సర్ వేడిని పూల్ నీటికి మళ్లిస్తే ఆవిరిలో పోయినదంతా, కంప్రెసర్ కరెంటుతో సహా, వెనక్కి వస్తుంది. ఆ యంత్రం ఉన్నప్పుడు నీళ్ల హీటర్‌కి మొదటి వేడెక్కింపు, చలికాలపు లోటు తప్ప పెద్ద పని ఉండదు.

ఆవిరి వేడిని నీళ్ల లెక్కలో ఒకసారి వేశాక గాలి లెక్కలో మళ్లీ వేయకూడదు. ఈ డబుల్ ఎంట్రీ వల్లే కొన్ని కొటేషన్లు అనవసరంగా ఉబ్బుతాయి. గాలి హీటర్‌కి మన లెక్కలో 3 + 2.7 = 5.7, మార్జిన్‌తో 6.5 కిలోవాట్లు. రికవరీ లేకపోతే 12, మార్జిన్‌తో 14.

కిటికీలకు ఒక చిన్న పరీక్ష. మన హాలు గాలి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 21.4 డిగ్రీలు. అద్దం లోపలి ముఖం అంతకన్నా చల్లగా ఉంటే నీళ్లు పడతాయి. లోపలి ముఖం ఉష్ణోగ్రత = 30 − (యూ × 25 × 0.13). ఇందులో 0.13 అంటే అద్దానికి లోపలివైపు అంటి ఉండే గాలి పొర వేడిని అడ్డుకునే కొలత. యూ 1.4 అయితే 25.5, క్షేమం. పాత డబుల్ గ్లేజింగ్, యూ 2.8 అయితే 20.9, తడుస్తుంది. ఒంటి అద్దం 11.5 దగ్గర ఉంటుంది, దాని మీద నీళ్లు ధారకడతాయి. గోడలో, పైకప్పులో వేపర్ బారియర్ (తేమను ఆపే పొర) వెచ్చని వైపునే ఉండాలి. హాలు నుంచి తీసే గాలి లోపలికి ఇచ్చే గాలికన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే క్లోరిన్ వాసనతో తడి గాలి పక్క గదుల్లోకి, పైకప్పు పొరల్లోకి తోసుకుపోతుంది. దీన్ని అందం సమస్య అనుకోకూడదు. 1985 మే 9న స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్‌లో ఇండోర్ పూల్ కాంక్రీట్ ఫాల్స్ సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని వేలాడదీసిన స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు క్లోరైడ్ వల్ల లోపల్లోపలే పగిలిపోయాయి.

లెక్క సరిగ్గా ఉన్నా హీటర్ సరిపోని సందర్భాలు

హీట్ ఎక్స్ఛేంజర్ (బాయిలర్ నీటి వేడిని పూల్ నీటికి అందించే పరికరం) మీద "60 కిలోవాట్లు" అని ఉంటే అది చాలాసార్లు 80 డిగ్రీల్లో వచ్చి 60 డిగ్రీల్లో తిరిగి వెళ్లే బాయిలర్ నీటితో. అదే ఎక్స్ఛేంజర్‌కి హీట్ పంప్ నుంచి 50 డిగ్రీల నీరు ఇచ్చి 45లో తిరిగి తీసుకుంటే సగటు ఉష్ణోగ్రత తేడా 40.7 నుంచి 18.8కి పడిపోతుంది, చేతికొచ్చేది 28 కిలోవాట్లలోపే. మన 24కి ఆ 60 రేటింగ్ ఉన్నదే కొనాలి. బాయిలర్‌ని తీసి హీట్ పంప్ పెట్టినచోట పాత ఎక్స్ఛేంజర్ ఉంచేస్తే పూల్ 25, 26 దగ్గరే ఆగిపోతుంది, నింద మాత్రం హీట్ పంప్ మీద పడుతుంది.

బయటి గాలినుంచి వేడి లాగే పూల్ హీట్ పంప్ కేటలాగ్ అంకె గాలి 26 డిగ్రీలు, నీరు 26, తేమ 80 శాతం దగ్గరిది. బయట 5 డిగ్రీలు ఉన్నప్పుడు సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పోతుంది. ఇండోర్ పూల్ చలికాలంలోనే ఎక్కువ నడుస్తుంది కాబట్టి మీ చలికాలపు ఉష్ణోగ్రత దగ్గరి అంకె చూసే కొనాలి. బ్రోషర్‌లో గంటకు బీటీయూల్లో (వేడికి ఇంకో కొలమానం) ఉంటే 3,412తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి.

హీటర్ స్థానం ఫిల్టర్ తర్వాత, క్లోరిన్, యాసిడ్ కలిసే చోటికి ముందు. డోసింగ్ హీటర్‌కి ముందుంటే, పంపు ఆగినప్పుడు గాఢమైన రసాయనం లోపల నిలిచి ట్యూబులు తినేస్తుంది. ఉప్పు నీటి క్లోరినేటర్ ఉంటే టైటానియం ఒక్కటే నమ్మదగింది. రాగి పీహెచ్ తగ్గితే కరుగుతుంది, స్టెయిన్‌లెస్ క్లోరైడ్ పెరిగితే చిల్లులు పడుతుంది.

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు మాత్రం "హీటర్ మాటిమాటికీ ఆగిపోతోంది". ముందు ఫిల్టర్ చూడండి. మురికి నిండి ఫ్లో తగ్గితే ఫ్లో స్విచ్ హీటర్‌ని ఆపేస్తుంది, అది దాని పని. ఫ్లో స్విచ్‌ని బైపాస్ చేసి నడిపితే ఎలిమెంట్ కాలిపోవడం, పైపు మెత్తబడటం ఖాయం. రెండోది ఎక్స్ఛేంజర్ బైపాస్ వాల్వ్: ఎవరో పూర్తిగా తెరిచి వదిలేస్తే నీరు పక్కదారిన పోతుంది. మూడోది సెన్సర్. అది హీటర్‌కి ముందు, ప్రవాహంలో ఉండాలి. హీటర్ తర్వాత పెడితే వేడి నీటిని చూసి తొందరగా ఆపేస్తుంది.

అన్నీ అమర్చాక లెక్కను ఒక రాత్రి పరీక్షించొచ్చు. 0.1 డిగ్రీ చూపించే థర్మామీటర్ చాలు. హీటర్ ఆపి, కవర్ వేసి, ఆటో ఫిల్ (మట్టం తగ్గితే దానంతటదే నీళ్లు నింపే ఏర్పాటు) మూసి, నీరు కలుస్తూ ఉండేలా పంపు మాత్రం నడుపుతూ 12 గంటలు వదిలేయండి. మన పూల్‌లో నష్టం 0.8 కిలోవాట్లే కాబట్టి ఉష్ణోగ్రత 0.1 డిగ్రీ కాస్త అటూ ఇటూగా దిగాలి. అర డిగ్రీ దిగిందంటే 41 కిలోవాట్ అవర్లు ఎక్కడికో పోయాయి, అంటే 3.4 కిలోవాట్ల నష్టం. కవర్ అంచులు, తొట్టి ఇన్సులేషన్, నీటి లీకు, ఈ వరసలో వెతకండి. లీకు తేలాలంటే నీటి మీటర్ చూడాలి: కవర్ లేకుండా కూడా ఈ పూల్‌లో ఆవిరయ్యేది రోజుకు 150 లీటర్లు, అంటే 3 మిల్లీమీటర్ల మట్టం. బ్యాక్‌వాష్, మార్చిన నీరు తీసేశాక కూడా మీటర్ 300 చూపిస్తుంటే ముందు పైపులకు ప్రెషర్ టెస్ట్ చేయించండి, హీటర్ సంగతి ఆ తర్వాత.